ఏడో ముక్క

పరంజ్యోతి తన మొగుడి చొక్కాలకు ఎన్ని బొత్తాలు కుట్టిందో ఎవరికీ తెలియదు గానీ, ఈ రెండేళ్లలో నవలలు మాత్రం పద్నాలుగు కుట్టింది. ఆ శనివారం మధ్యాహ్నం పదిహేనో నవలను ఒళ్లో పెట్టుకుని, వంటింటి గడప మీద కూచుని, దబ్బనానికి మైనం పట్టించిన దారం ఎక్కిస్తోంది. ఆ దబ్బనం మేడ్చల్ స్టేషన్‌లో గోనెసంచులు కుట్టేది. దానియేలు అక్కడ సామాన్ల గుమాస్తా. ఒకనాడు దాన్ని జేబులో వేసుకొచ్చి, భార్య ముందు పడేసి, "ఇగో, దీంతోని కుట్టు, గట్టిగుంటది" అన్నాడు. పెళ్లయిన పదకొండేళ్లలో అతను ఆమె కోసం అడక్కుండా తెచ్చిన వస్తువు అదొక్కటే.

నవలలు కుట్టడమేమిటంటారా? అది మన మగవాళ్ల తెలివితేటల ఫలితం. యుద్ధం రోజులు, కాగితం కరువు. లష్కర్ పట్నంలో ఒక తెలుగు నవల దొరికిందంటే ఒక్క ప్రతి దొరకడమే గొప్ప. చదవాలని ఉబలాటపడేవాళ్లేమో ఏడుగురు. ఒకరు చదివి ఇంకొకరికి ఇచ్చేదాకా ఆగే ఓపిక ఒక్కడికీ లేదు. అందుకని అల్వాల్ నుంచి రైల్లో పుస్తకం తెచ్చే సాలోమోను ఒక ఉపాయం కనిపెట్టాడు. ఆదివారం సాయంత్రం దానియేలు ఇంటి అరుగు మీద ఏడుగురూ చేరతారు. సాలోమోను గడ్డం గీసుకునే బ్లేడుతో పుస్తకం కుట్టు తెంపి ఏడు ముక్కలు చేస్తాడు. తలా ఒక ముక్క. వారం తిరిగాక ముక్కలు చేతులు మారతాయి. ఏడు వారాలకు అందరూ అన్నీ చదివినట్టు. ఎనిమిదో ఆదివారం చర్చ. దీనికంతటికీ పఠన సంఘమని పేరు.

ముక్కలు వరసగా చేతికి రావు కదా. రావల్కోల్ నుంచి వచ్చే రైతు కుర్మయ్య ఒకసారి కథానాయిక చావు ముందు చదివి, పెళ్లి తర్వాత చదివి, "సచ్చినామె మల్ల పెండ్లెట్ల జేస్కున్నదయ్యా?" అని అరుగు మీద అమాయకంగా అడిగాడు. మిగతావాళ్లు నవ్వారు. వాళ్లకు మాత్రం ఏం తెలుసని! చర్చకు ముందు రోజు ముక్కలన్నీ దానియేలు ఇంటికి చేరతాయి. వాటిని వరసలో పెట్టి, గంజిలో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి వీపుకు పూసి, పాత చీర పేలిక అంటించి మళ్లీ పుస్తకం చేసేది పరంజ్యోతి. అంటే ఒక నవలను మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా వరసగా చదివే మనిషి మొత్తం మేడ్చల్‌లో ఒక్కతే ఉంది. ఆమె సంఘంలో లేదు.

అడగలేదా అంటే అడిగింది. నిరుడు వానాకాలంలో, దానియేలు అన్నం తిని చేయి కడుక్కుంటుంటే చెంబు పట్టుకుని నిలబడి, "నేను గూడ సంఘంల కూసుంట" అంది. అతను కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది. చేతులు విదిలించి, ఆమె కొంగుకే తుడుచుకుని, "ఏడు ముక్కలే ఉన్నయి గదనే. ఎనిమిదో మనిషికి యాడికెల్లి తెస్తం?" అన్నాడు, గోనెసంచుల సంగతి చెప్పినట్టు. లోపల నుంచి అత్త ఎలీషమ్మ, "మొగోళ్ల నడుమ కూసోని కతలు చెప్పుకుంటదట, కాలం గిట్లొచ్చె" అంది. మాట అక్కడితో అయిపోయింది, వాళ్లకు.

పరంజ్యోతి తండ్రి షామీర్‌పేట చర్చిలో ఉపదేశి. ఆయన కళ్లకు శుక్లాలు వచ్చాక, ఎనిమిదేళ్ల కూతురిని పీట మీద నిలబెట్టి ఆదివారం వాక్యం చదివించేవాడు. గొడ్లు కాసేవాళ్లు, నాట్లేసేవాళ్లు, ముసలీ ముతకా అందరూ మెడలెత్తి వినేవాళ్లు. "మా జ్యోతి సదివితే ఎనకున్న గోడ గూడ ఇంటది" అనేవాడాయన. మిషను బడిలో ఏడో తరగతి దాకా చదివించాడు. అక్కడ టీచరమ్మ ఉద్యోగం ఇస్తామన్నారు కూడా. ఆ నెలలోనే రైల్వే సంబంధం వచ్చింది. "రైల్వే పిలగాడు, పైగ సదువంటే పాణం" అని చెప్పారు మధ్యవర్తులు.

సదువంటే పాణమట! ఈ రెండేళ్లలో దానియేలు ఒక్క ముక్క కూడా పూర్తిగా చదివిన పాపాన పోలేదు. ఇంటికి తెచ్చి గూట్లో పడేస్తాడు. రొట్టెల పిండి తడుపుతూ, ఒక చేత్తో పేజీలు తిప్పుతూ పరంజ్యోతి చదువుతుంది. చర్చ నాటి పొద్దున అతను అరుగు మీద గడ్డం గీసుకుంటుంటే, అద్దం పట్టుకుని నిలబడి కథంతా చెబుతుంది. కథ ఒక్కటే చెబితే చాలదు అతనికి. "నీకేమనిపిచ్చింది? గది చెప్పు జల్దీ" అంటాడు. ఆమె చెబుతుంది. మొదట్లో సంబరంగానే చెప్పేది. మొగుడు తన అభిప్రాయం అడుగుతున్నాడని మురిసిపోయేది. ఎంత పిచ్చిదో! సాయంత్రం ఆ మాటలే అతని గొంతుతో, కొంచెం దగ్గి, కొంచెం ఆగి, పెద్దమనిషి తరహాలో బయటికి వచ్చేవి. తలుపు చాటు నుంచి వింటూ ఆమె గ్లాసుల్లో బెల్లం చాయ్ పోసేది.

మొన్నటి ఎండాకాలంలో జరిగింది ఆమెకు ఇంకా మంటగానే ఉంది. ఒక నవలలో భార్య చచ్చిపోయాక భర్త యాభై పేజీలు ఏడుస్తాడు. బడిపంతులు జనార్ధన్ ఆ ఏడుపును తెగ పొగిడాడు. చాయ్ గ్లాసులు కింద పెడుతూ ఉండబట్టలేక పరంజ్యోతి, "సచ్చినంక గంత ఏడ్సినాయన, బతికున్ననాడు తిన్నవా అని ఒక్కనాడన్న అడగలేదు గదా" అంది. "చాయ్ సల్లారుతాంది, పెట్టి లోపలికి పో" అన్నాడు దానియేలు. జనార్ధన్ పంతులు నవ్వి, "ఆడోళ్ల చేతికి నవలిస్తే గింతే, ఎంతసేపు తిండి కాడనే ఉంటది బుద్ధి" అన్నాడు. అందరూ నవ్వారు. నెల తిరక్కుండానే లష్కర్ నుంచి ఒక గ్రంథాలయం పెద్దాయన సంఘాన్ని చూడడానికి వచ్చాడు. అరుగు మీద దానియేలు కాలు మీద కాలేసుకుని, "సచ్చినంక ఏడ్సేటాయన, బతికున్ననాడు తిన్నవా అని అడగలే. నాకు గది కొట్టొచ్చినట్టు కనవడ్డది" అన్నాడు. జనార్ధన్ పంతులు తొడ చరిచి మరీ, "దానియేలు సాబ్, ఏం సూపయ్యా నీది!" అన్నాడు. నవ్వింది తానేనని ఆయనకు గుర్తే లేదు. ఆ సాయంత్రం గ్లాసులు కడుగుతుంటే ఆమె చేతిలో ఒకటి పగిలింది. "చేతులు పుచ్చిపొయ్యినయా?" అంది ఎలీషమ్మ.

ఇప్పుడు ఒళ్లో ఉన్నది వనజాక్షి నవల. పేరేదో పెద్దదే ఉంది, కథానాయిక పేరుతోనే అందరూ పిలుస్తారు. వనజాక్షి మొగుడు పేరున్న వకీలు. విందుకొచ్చిన పదిమంది ముందు, కూరలో కారం ఎక్కువైందని ఆమెను చెంపదెబ్బ కొడతాడు. ఆమె పెట్టె సర్దుకుని వెళ్లిపోయి, ఒక ఊళ్లో ఆడపిల్లల బడిలో పంతులమ్మగా చేరుతుంది. ఆరు ముక్కల్లో ఇంతవరకే ఉంది. ఏడో ముక్క లేదు.

మొదటి వారం ఆ ఏడో ముక్క దానియేలు వంతుకే వచ్చింది. అప్పుడు తండ్రికి జ్వరమని ఆమె షామీర్‌పేట పోయింది. తిరిగొచ్చి అడిగితే, "కుర్మయ్యకు ఇచ్చేసిన" అన్నాడతను. కుర్మయ్యకు అందితే కదా! అక్కడి నుంచి సంఘంలో తిరిగినవి ఆరు ముక్కలే. వారానికొకడు ఖాళీ చేతులతో ఇంటికి పోయాడు. ఎవడికి వాడు, మిగిలినవాళ్లు చదివేశారనీ, తానొక్కడికే దొరకలేదనీ అనుకుని, అడిగితే నామోషీ అని నోరు మూసుకున్నాడు.

అటక మీద, గూట్లో, పెట్టెలో అంతా వెతికింది పరంజ్యోతి. చివరికి మామిడికాయ తొక్కు జాడీ దగ్గర ఆగింది. మూతి మీద గుడ్డ, గుడ్డ కింద మందంగా ఏదో ఉంది. విప్పి చూస్తే నూనె మరకలతో ఏడో ముక్క!

"అత్తమ్మా, ఇది జాడీ మీదికి ఎట్లొచ్చింది?"

"గూట్ల పడున్నది. నీ మొగడు పారేసిండనుకున్న. చీమలు రాకుంట కట్టిన" అంది ఎలీషమ్మ మంచం మీద అటు తిరిగి.

అప్పుడే పెరటి తలుపు తోసుకుని పక్కింటి గంగమ్మ వచ్చింది. చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుకునే నెపంతో ప్రతి శనివారం వస్తుంది. ఆమెకు అక్షరం ముక్క రాదు. కానీ పద్నాలుగు నవలల్లో ఎవరు ఎవర్ని ఏమన్నారో మాట పోకుండా చెప్పగలదు.

"దొరికిందా బిడ్డా? ఏమాయె వనజాక్షి? బడిల జీతమిచ్చిన్రా?" అంది చాట దించకముందే. వెతుకులాట గోడవతలికి వినిపించినట్టుంది.

పరంజ్యోతి చదవడం మొదలుపెట్టింది. వకీలుకు జ్వరం వచ్చిందని వనజాక్షికి కబురు అందుతుంది. పరుగున వస్తుంది. మొగుడి పాదాల మీద పడి ఏడుస్తుంది. నా స్వర్గం ఈ పాదాల దగ్గరే ఉంది, అహంకారంతో కళ్లు మూసుకుపోయాయి, క్షమించండి అంటుంది. ఆయన పెద్దమనసుతో క్షమిస్తాడు. ఆఖరి వాక్యంలో ఆమె ఆ రోజు కూరలో కారం తగ్గిస్తుంది.

గంగమ్మ చేతిలో బియ్యపు గింజలు అలాగే ఉండిపోయాయి.

"గంత దూరం నడిసిపొయ్యి, మల్ల గా కాళ్లమీదనే పడ్డదా?"

"పడ్డది పెద్దమ్మా."

"మరి బడి పిల్లలో?"

పరంజ్యోతి పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పింది. ఆ పిల్లల గురించి ఒక్క ముక్క రాయలేదు. ఆరు ముక్కల పొడుగునా పలకలు పట్టుకుని వనజాక్షి చుట్టూ తిరిగిన ముప్పై మంది ఆడపిల్లల్ని, రాసినాయన ఏడో ముక్కలో శుభ్రంగా మరిచిపోయాడు.

"థూ! రాసినోడు ఎన్నడన్న దెబ్బ తిన్నడా?" అంది గంగమ్మ. చాట ఎత్తుకుని లేచి, రాళ్లు ఏరకుండానే వెళ్లిపోయింది. ఆ ముసలమ్మ అంత కోపంగా పోవడం పరంజ్యోతి ఎన్నడూ చూడలేదు. దబ్బనం తీసుకుని ఆరు ముక్కలు కుట్టింది. ఏడోది కుట్టబుద్ధి కాలేదు. అట్ట మూసి గంజి పూసి, పైన రాయి బరువు పెట్టింది.

ఆదివారం పొద్దున యథాప్రకారం ఆమె అద్దం పట్టుకుని నిలబడింది. దానియేలు బుగ్గ ఉబ్బించి కత్తి పెడుతూ, "ఆఖరికి ఏమైతది?" అన్నాడు.

ఉన్నది ఉన్నట్టు చెబుదామనే నోరు తెరిచింది. కానీ అద్దం వెనకనున్న ఆమెకు మొగుడి పాదాలు కనిపించాయి. పీట మీద చాపుకుని ఉన్నాయి, ఆమె కడగడం కోసం. నోట్లోంచి వేరే కథ వచ్చింది.

"వకీలుకు జెరం వస్తది. వనజాక్షి వచ్చి మూడు దినాలు మందు పోస్తది, గంజి తాగిపిస్తది. జెరం తగ్గుతది. ఆమె చేతులు కడుక్కోని పెట్టె తీస్కుంటది. యాడికని అడుగుతడు మొగడు. రేపు సోమారం, బడి ఉన్నది, పిల్లలొస్తరు అని చెప్పి రైలెక్కుతది."

"గంతేనా?"

"గంతే. ఎనకకు తిరిగి గూడ సూడది."

"మంచిగున్నది" అన్నాడు దానియేలు, గడ్డం కింద కత్తి లాగుతూ. "నీళ్లు పట్టుకరా."

సాయంత్రం అరుగు మీద చాప పడింది. నడుమ వనజాక్షి నవల. పక్కనే సాలోమోను తెచ్చిన కొత్త నవల, పాత పేపరులో చుట్టి, మీద బ్లేడు. పరంజ్యోతి తలుపు వెనక నిలబడింది. ఏడో ముక్క ఆమె చంకలో ఉంది. చాప మీద ఎవరైనా ఒక్కడు ఆ పుస్తకం ఎత్తి వెనక అట్ట తెరిస్తే సంగతి బయటపడుతుంది. ఒక్కడూ తెరవలేదు.

దానియేలు దగ్గాడు, ఆగాడు, ముగింపు చెప్పాడు. 'రేపు సోమారం' దగ్గర గొంతు తగ్గించి మరీ చెప్పాడు. తన మాటలు తన దగ్గరికే అలా తిరిగి వస్తుంటే పరంజ్యోతికి ఒళ్లు మండింది. ఈసారి అవి అభిప్రాయాలు కూడా కావు. ఒక ఆడదాని బతుకు ఎటు పోవాలో తాను తేల్చి చెప్పిన మాటలు.

"ఆహా!" అన్నాడు జనార్ధన్ పంతులు. "గా పేజీలు నేను రెండుసార్లు సదివిన. 'పిల్లలొస్తరు' అన్నకాడ నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి."

"రాస్తే గట్ల రాయాలె" అన్నారు ఇంకో ముగ్గురు. వాళ్లు సంఘంలో తలూపడానికే వస్తారు. సాలోమోను చెవి గోక్కుంటూ ఎటో చూశాడు. కుర్మయ్య మాత్రం, "నాకైతే గా ముక్క..." అని మొదలుపెట్టి, అందరి ముఖాలూ చూసి ఊరుకున్నాడు.

జనార్ధన్ పంతులు ఇంకా ఆగలేదు. "ఒక్కటి చెప్త ఇనుండ్రి. రాసినాయన మొగోడు గనుకనే గంత ధైర్నంగ ముగిచ్చిండు. అదే ఆడమనిషి రాస్తే? ఏడిపిచ్చి, మొగని కాళ్లమీద పడేసి, క్షమించుమని మొక్కిస్తుండె."

తలుపు తెరుచుకుంది. చాయ్ వచ్చిందనుకుని చేతులు చాచారు. పరంజ్యోతి చేతిలో నూనె మరకల కాగితాలున్నాయి.

"పంతులుగారూ, గా పేజీలు రెండుసార్లు సదివిన్రా?"

"సదివిన. ఏం?"

"ఇవి రెండు నెలలసంది మా తొక్కు జాడీ మీద ఉన్నయి. నిన్న నేనే విప్పిన. మీరు ఏ జాడీల తొంగి సూసి సదివిన్రు?"

కుర్మయ్య చటుక్కున పుస్తకం అందుకుని వెనక అట్ట తెరిచాడు. ఆరో ముక్క దగ్గరే ఆగిపోయింది పుస్తకం. పరంజ్యోతి కాగితాలు జనార్ధన్ పంతులు ముందు పెట్టింది. "ఇగ సదువుండ్రి. అందరికి ఇనవడేటట్టు."

ఆయన చదవలేక చదివాడు. పాదాలు, స్వర్గం, అహంకారం, క్షమాపణ. కారం తగ్గించిన కూర దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు ఆయనకే వినపడలేదు.

"గది మీ మొగాయన రాసిన ముగింపు" అంది పరంజ్యోతి. "దానియేలుగారు చెప్పింది నాది. పొద్దుగాల అద్దం పట్టుకోని నేను చెప్పిన. అదొక్కటే కాదు. రెండేండ్లసంది గీ అరుగు మీద ఆయన నోట మీరు ఇన్నదంత నాదే. సచ్చినామె తిన్నదా లేదా అన్న మాట గూడ నాదే. నేనంటే నవ్విన్రు. ఆయనంటే తొడలు సరుసుకున్నరు."

దానియేలు ముఖం నల్లబడింది. "ఏమే, నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తవా?"

"మీ ఇజ్జత్‌ను ఇన్నిదినాలు కుట్టుకుంట వచ్చింది నేనే గదా" అంది. పదకొండేళ్ల కోపం ఒక్కసారిగా బయటికి వచ్చింది.

కుర్మయ్య తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "చెల్లె, నాకు గా ముక్క రానే రాలేదు. చెప్పెటందుకు సిగ్గయ్యింది. కని నీ ముగింపే మంచిగున్నది."

"మీరు మంచిగున్నదనకముందు గూడ అది మంచిగనే ఉన్నది పటేలా" అంది పరంజ్యోతి. కొంచెం కటువుగా అన్నానేమో అనుకుంది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

సాలోమోను కొత్త నవల మీది బ్లేడు తీసి, "అమ్మా, ఇగ గీ పుస్తకం ఎనిమిది ముక్కలు చేస్త. ఒకటి నీకు" అన్నాడు.

నిరుడైతే ఆ మాటకు ఆమె కళ్లనీళ్లు పెట్టుకునేది. ఎనిమిదో ముక్క కోసం చెంబు పట్టుకుని నిలబడ్డది తానే కదా. ఇప్పుడు వంగి పేపరు చుట్టిన పుస్తకం చేతిలోకి తీసుకుంది. బరువుగా, బిగువుగా ఉంది. రెండేళ్లలో బ్లేడు పడని నవలను ఆమె ముట్టుకోవడం ఇదే మొదలు.

"నాకు ముక్క వద్దు సాలోమోనన్నా. పుస్తకం కావాలె. ముందుగాల నేను సదువుత, మొదటికెల్లి ఆఖరు దాంక. అటెన్క మీ ఇష్టం, ఏడు జేసుకుంటరో డెబ్బై జేసుకుంటరో."

కొంగున గుచ్చుకున్న దబ్బనం తీసి, మైనం దారపు ఉండతో సహా దానియేలు ముందు చాప మీద పెట్టింది. ఏడో ముక్క ఇంకా విడిగానే పడి ఉంది. "మీరే తెచ్చిన్రు గదా. దీంతోని కుట్టుండ్రి, గట్టిగుంటది."

లోపల నుంచి ఎలీషమ్మ కేకేసింది. "పిల్లా, పొయ్యిమీద చాయ్ పొంగుతాంది!"

"దించు అత్తమ్మా" అంటూ ఆమె వంటింటి మీదుగా పెరట్లోకి నడిచింది. గోడ పక్కన గంగమ్మ ఖాళీ చాటతో నిలబడి ఉంది. అన్నీ వినే ఉంటుంది. పరంజ్యోతి రోలు మీద కూచుని పుస్తకం తెరిచింది. కొత్త కాగితం వాసన వచ్చింది. షామీర్‌పేటలో పీట మీద నిలబడి చదివినట్టు మొదటి వాక్యం గట్టిగా చదివింది. అరుగు మీద సందడి ఆగిపోయింది. ఎవరో చెప్పుల్లేకుండా ఇంటి పక్క సందు దాకా వచ్చి, గోడ చాటున నిలబడ్డ అలికిడి అయింది.

ఆమె తల ఎత్తలేదు.

"ఇనాలనుకునేటోళ్లు లోపటికి వచ్చి కింద కూసోండ్రి" అంది, పేజీ మీద వేలు పెట్టి. "వచ్చేటప్పుడు ఎవల చాయ్ వాళ్లు పోసుకోని రాండ్రి."